బంతుల లెక్క ఎవరు రాస్తున్నారు?

కిందటి సంచికలో ఒకరు ‘మా అమ్మాయిని సాఫ్ట్‌బాల్‌లో చేర్చవచ్చా’ అని అడిగారు. నిరభ్యంతరంగా చేర్చండి, పిచర్‌గా, అంటే బంతి విసిరే అమ్మాయిగా, ఆడిస్తే మాత్రం ముందు ఒక నోటు పుస్తకం కొనండి అని రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకున్నాను. పుస్తకం దేనికో చెప్పలేదని ఈ నెల సంచి నిండా ఉత్తరాలు వచ్చాయి. గుంటూరు, విజయవాడ, తెనాలి, మంగళగిరి నుంచి. అందుకే మోకాళ్ల నొప్పుల వారిని, బరువు తగ్గాలనుకునే వారిని వచ్చే నెల దాకా ఓపిక పట్టమని వేడుకుని, ఈసారి శీర్షిక మొత్తం పిచర్లకే ఇస్తున్నాను. కొత్తగా చదివేవారికి ఒక మాట: నేను వైద్యురాలిని కాను. 31 ఏళ్లు ఒక మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. అంతకు ముందు నాలుగేళ్లు పిచర్‌ని. ఆ నాలుగేళ్ల గుర్తు నా కుడి భుజంలో ఇంకా ఉంది.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. ఏడాదిగా బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. జట్టులో పిచర్ తనొక్కతే. పోయిన నెల పోటీల్లో రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడించారు. ఒక్కో మ్యాచ్‌కు ఐదు ఇన్నింగ్స్, అన్నిటికీ మా పాపే విసిరింది. కప్పు వచ్చింది. అప్పటి నుంచి కుడి భుజం ముందు వైపు నొప్పి అంటోంది. మా అత్తగారు రోజూ రాత్రి కర్పూరం వేసి కాచిన కొబ్బరి నూనె రాస్తున్నారు. ఇంతకు ముందు తన జడ తనే వేసుకునేది. ఇప్పుడు చేయి వెనక్కి పోవడం లేదని నా దగ్గరికి వస్తోంది. వాళ్ల సార్‌ని అడిగితే ‘పై నుంచి విసిరే ఆట కాదు కదమ్మా, కింద నుంచి విసిరేదానికి భుజం ఏమీ కాదు, అలవాటు లేని నొప్పి’ అన్నారు. వచ్చే నెల మళ్లీ పోటీలున్నాయి. పంపించమంటారా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పంపించండి. స్కోరు పుస్తకం చేతికిచ్చి పంపించండి, బంతి మాత్రం ముట్టుకోనివ్వకండి.

జడ సంగతి రాసి మంచి పని చేశారమ్మా. ఆడే పిల్లలు నొప్పి అనే మాటను రోజుకు నాలుగుసార్లు అంటారు. అందులో నిజమెంతో కన్నతల్లికి కూడా తెలియదు. చేయి తల వెనక్కి వెళ్లడం లేదంటే మాత్రం ఇంకేమీ అడగనక్కర్లేదు. అలవాటు లేని నొప్పి కండ అంతటా సలుపుతుంది, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. ఒకే చోట పట్టుకుని వారాల తరబడి ఉన్నది అది కాదు. పాపను ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఈ వయసులో ఎముక చివర ఉండే ఎదుగుదల పొర ఇంకా మెత్తగానే ఉంటుంది. పెద్దవాళ్లకు కండరం వాచే పనికి పిల్లలకు ఆ పొర దెబ్బతినవచ్చు. అవసరమనిపిస్తే డాక్టర్ రెండు భుజాలకూ ఎక్స్‌రే తీయించి పక్కపక్కన పెట్టి చూస్తారు. మీ అత్తగారి నూనెతో నష్టమేమీ లేదు, గట్టిగా పిసకకపోతే చాలు. ఆ నూనెతో హాయిగా ఉందని మర్నాడు పాప బంతి పట్టుకుంటేనే నష్టం.

ఇక సార్ మాట. ‘కింద నుంచి విసిరేదానికి ఏమీ కాదు’ అని నాకు 1984లో కూడా చెప్పారు. ఈ నమ్మకం ఆట పేరులోంచే పుట్టిందని నా అనుమానం. 1887లో షికాగోలో ఒక హాల్లో కుర్రాళ్లు బాక్సింగ్ గ్లవ్‌ను బంతిలా చుట్టి, ఒక కర్రతో కొట్టుకుంటూ సరదాగా మొదలుపెట్టిన ఆట ఇది. అప్పుడు బంతి మెత్తన, విసురు నిదానం. ఇప్పటి బంతి పేరుకే సాఫ్ట్. 12 అంగుళాల చుట్టుకొలత, దాదాపు 180 నుంచి 198 గ్రాముల బరువు. క్రికెట్ బంతి కంటే బరువైనది. దాన్ని పట్టుకున్న చేయి గాలిమరలా నిండుగా ఒక చుట్టు తిరిగి తుంటి పక్కకు వచ్చి ఒక్కసారిగా వదులుతుంది. ఆ క్షణంలో చేయి భుజం గూటిలోంచి ఊడి బంతి వెంట పోదామని చూస్తుంది. ఒలింపిక్ పిచర్ల మీద కొలతలు తీస్తే ఆ లాగే బలం సగటున వాళ్ల శరీర బరువులో 80 శాతం ఉంది. 50 కిలోల మనిషికి 40 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో అర బస్తా కన్నా కాస్త ఎక్కువ, రెప్పపాటు కాలం భుజానికి వేలాడినట్టు. చేతిని పోనివ్వకుండా పట్టి ఉంచే వాటిలో ముఖ్యమైనది మనం బలం చూపించడానికి ఉబ్బించే కండ, బైసెప్స్. దాని స్నాయువు భుజం ముందు నుంచే వెళుతుంది. పై నుంచి విసిరినప్పటితో పోల్చి చూస్తే ఈ విసురులో ఆ కండ దాదాపు రెట్టింపు పనిచేస్తోందని ఒక కొలతలో తేలింది. మీ పాప వేలు పెట్టి చూపిస్తున్న చోటు బహుశా అదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇన్నింగ్స్‌కు 15 బంతులే అనుకోండి, పిల్లల మ్యాచ్‌లలో అంత తక్కువతో అరుదుగా ముగుస్తుంది. ఐదు ఇన్నింగ్స్‌కు 75. రోజుకు రెండు మ్యాచ్‌లు, 150. రెండు రోజులకు 300. మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో విసిరిన 30 కలిపితే 420. జపాన్ పిచర్ యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లకు 413 బంతులు విసిరి దేశానికి బంగారు పతకం తెచ్చింది. ఆ 413 అనే అంకెను జపాన్‌లో ఇప్పటికీ ఒక వీరగాథలా చెప్పుకుంటారు. ఆమెవి మ్యాచ్ బంతులే, వార్మప్ వేరు, నిజమే. కానీ అప్పటికి ఆమెకు 26 ఏళ్లు, వృత్తే అది. మీ పాప ఎనిమిదో తరగతి.

అమెరికాలో క్రీడాకారులకు వైద్యం చేసే ఎముకల డాక్టర్ల సంఘం పిల్లల కోసం చేపట్టిన ప్రచారంలో సాఫ్ట్‌బాల్ పిచర్లకు హద్దులు సూచించారు. 13, 14 ఏళ్ల వారికి మ్యాచ్‌కు 80 బంతులు, వరస పోటీల్లో మొదటి రెండు రోజులు రోజుకు 115, మూడో రోజు 80. అంతకన్నా చిన్నవాళ్లకు, 10 నుంచి 12 ఏళ్ల వారికి, మ్యాచ్‌కు 65, రోజుకు 95, మూడో రోజు అసలు విసరకూడదు. 15, ఆపై వయసు వారికి 100, 140, 100. బడిలో ఈ కాగితం అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. అందుకే నోటు పుస్తకం అన్నాను. అందులో నేను వార్మప్ బంతులూ రాయిస్తాను. భుజానికి అది మ్యాచో, వార్మప్పో తెలియదు.

మా కాలంలో పుస్తకం లేదు. విశ్వవిద్యాలయాల పోటీలకు వెళ్లి వరసగా మూడు రోజులు విసిరాను. మూడో రోజు పొద్దున్న దువ్వెన పట్టుకోలేకపోయాను. మా కోచ్ గారు భుజానికి చల్లటి మందు చిమ్మి ‘ఇంకొక్క మ్యాచే’ అన్నారు. ఆ ఒక్క మ్యాచ్ గెలిచాం. ఆ పతకాన్ని మా మనవలు ఎక్కడో పారేశారు. భుజం పారేయడానికి కుదరదు కనుక నాతోనే ఉంది. అటక మీది ఆవకాయ జాడీ దించాలంటే ఇప్పటికీ పక్కింటి అబ్బాయిని పిలుస్తాను.

డాక్టర్ సరే అన్నాక కూడా, జడ తనంతట తాను నొప్పి లేకుండా వేసుకునే రోజు వచ్చేదాకా పాప బంతి పట్టకూడదు. ఆ తర్వాత సగం దూరం నుంచి 20 బంతులు, రోజు విడిచి రోజు. మర్నాడు నొప్పి లేకపోతే వారానికి పది చొప్పున పెంచండి. ఉంటే వెనక్కి. ఈలోగా పరుగు, గుంజీళ్లు, పొట్ట బిగించే వ్యాయామాలు చేయవచ్చు. విసురుకు బలం కాళ్ల నుంచే వస్తుంది.

సార్‌తో గొడవ పెట్టుకోకండి. ఆయన దగ్గర పిచర్ ఒక్కతే ఉంది, ఆయన ఇబ్బంది ఆయనది. ‘రెండో పిచర్‌ని తయారు చేయండి సార్, మా పాప సాయం చేస్తుంది’ అని అడగండి. ఈ ఆటలో మొదట దిగిన క్రీడాకారిణి బయటికి వెళ్లినా ఒకసారి తిరిగి లోపలికి రావచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో జపాన్ అదే చేసింది. 39 ఏళ్ల ఉయెనోను మధ్యలో బయటికి పంపి 20 ఏళ్ల మియు గోటో చేత విసిరించి, చివరి ఇన్నింగ్స్‌కు మళ్లీ ఉయెనోను పిలిచారు. పతకం మళ్లీ బంగారమే.

ప్రశ్న: మంగళగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. నా ఆట వాలీబాల్. సాఫ్ట్‌బాల్ ఫోనులో వీడియోలు చూసి నేర్పుతున్నాను. ఒకరు బంతి వదిలేటప్పుడు నడుమును గట్టిగా, ఎదురుగా బంతి అందుకునే క్యాచర్ వైపు తిప్పేయమంటారు, ఇంకొకరు వద్దంటారు. ఒకరు విసిరాక మోచేతిని క్యాచర్‌కు చూపించమంటారు. ఏది పట్టుకోవాలి? మా దగ్గర ఉన్నవి ఆరు బంతులు, వాటిలో రెండిటికి కుట్లు ఊడాయి.
— ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

జవాబు: మాస్టారూ, ఆరు బంతులు బోలెడు. మీకు వాలీబాల్ నెట్టు ఉందిగా, దాని మీద ఒక పాత బొంత వేలాడదీయండి. పిల్లను పది అడుగుల దూరంలో నిలబెట్టి బొంతకేసి విసరమనండి. బంతి కిందనే పడుతుంది, తెచ్చుకోవడానికి పరుగులు ఉండవు. గురి చూడమని చెప్పకండి. గురి చూడమంటే పిల్ల చేతిని బిగించి బంతిని మెల్లగా తోస్తుంది, ఆ తోసే అలవాటు తర్వాత పోదు. మొదటి నెల బొంత మీద ‘ధబ్’ మనే చప్పుడు మాత్రమే వినండి.

అందరూ చేతితో మొదలుపెడతారు. నేను పాదాలతో మొదలుపెడతాను. పిచర్ కాలు మోపి విసిరే పలక, పిచింగ్ ప్లేటు, దాని మధ్య నుంచి క్యాచర్ దాకా ముగ్గుతో ఒక గీత గీయండి. కుడిచేతి పిల్ల ఎడమ కాలు ముందుకు వేసినప్పుడు పాదం ఆ గీత మీద గానీ దాని అంచున గానీ పడాలి. వేళ్లు సూటిగా క్యాచర్‌ను చూడకుండా మూడో బేస్ వైపు, అంటే పిచర్ కుడి చేతి పక్కకు, కొద్దిగా, 45 డిగ్రీల వాలులో ఉండాలి. పాదం గీత దాటి మూడో బేస్ వైపుకు పడిందంటే చేయి రావలసిన దారికి నడుము అడ్డం నిలబడ్డట్టే. చేయి దాన్ని చుట్టుకుని రావాలి, భుజం ముందు భాగం ఒత్తిడికి లోనవుతుంది. ముగ్గు మీద పాదం గుర్తు అబద్ధం చెప్పదు. పిల్లతో వాదించే పని కూడా ఉండదు, వెళ్లి చూసుకోమనండి.

ఆ ముందు కాలు పడ్డాక గట్టిగా నిలబడాలి. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలుచున్నవాళ్లు ముందుకు తూలుతారు కదా, అలా కింద కాలు ఆగితే పైన చేయి దూసుకుపోతుంది. కాలు ఆగకుండా మెత్తగా కుంగిపోతే ఆ వేగమంతా చేయి ఒక్కటే పుట్టించుకోవాలి. నేను చూసిన భుజం నొప్పుల్లో సగం మోకాలి దగ్గర మొదలైనవే. వెనక కాలి బొటనవేలు నేలను గీసుకుంటూ రావాలి. ఆ గీత సన్నగా ఉంటే మంచిది, దున్నినట్టు లోతుగా ఉంటే పిల్ల బరువు వెనకే ఉండిపోయిందని అర్థం. బూటు ముందు భాగం నెలకోటి అరిగిపోతుంది, తల్లిదండ్రులు మీ మీద మండిపడతారు. మేము పాత సైకిల్ టైరు ముక్క అతికించుకునేవాళ్లం.

ఇప్పుడు చేయి. పిల్ల కుడి పక్కన నిలబడి చూడండి, క్యాచర్ మీకు కుడి వైపు ఉండాలి. చేయి ఆరు దగ్గర మొదలై మూడు, పన్నెండు, తొమ్మిది మీదుగా మళ్లీ ఆరుకు వస్తుంది, గడియారం వెనక్కి తిరిగినట్టు. మోచేయి కర్రలా బిగిసి ఉండకూడదు, వేళ్లు బంతిని అరచేతిలో నొక్కేయకూడదు. తాడు చివర రాయి కట్టి తిప్పితే తాడు ఎలా ఉంటుందో చేయి అలా ఉండాలి. తొమ్మిది నుంచి ఆరు దాకా ఉన్న ఆ పావు చుట్టే భుజానికి గండం. అక్కడ పిల్ల నడుము వంచి ముందుకు తూలుతోందా, పక్కకు ఒరుగుతోందా, అది ఒక్కటే చూడండి. తల మీద బిందె ఉన్నట్టు నిటారుగా ఉండాలి. కంటికి దొరకదు, మీ ఫోనులో పక్క నుంచి తీసి నెమ్మదిగా నడిపి చూడండి.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. బంతి వదిలే క్షణానికి నడుము సగమే తిరిగి ఉండాలి, ముంజేయి ప్యాంటు పక్క కుట్టును రాసుకుంటూ వెళ్లాలి. రాసుకోవడం వేరు, గుద్దుకోవడం వేరు. ముంజేతి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే నడుము ముందే మూసుకుపోయి దారికి అడ్డం వస్తోందని తెలుసుకోండి. బంతి పోయాక నడుము దానంతట అదే క్యాచర్ వైపు వస్తుంది, మీరు తిప్పమననక్కర్లేదు. మోచేతిని చూపించమనే వీడియో మూసేయండి. మేమూ అలాగే నేర్చుకున్నాం, నా శిష్యురాళ్లకూ మొదట్లో అలాగే నేర్పాను, అందుకు ఇప్పుడు చింతిస్తున్నాను. వేగంగా విసిరే పెద్ద పిచర్లను నెమ్మదిగా తిప్పి చూస్తే ఎవరూ అలా ఎత్తరు. ముంజేయి లోపలికి తిరిగి, చేయి వదులుగా శరీరానికి అడ్డంగా మడత పడుతుంది.

మిగతావి చిన్నవి. చిన్న చేతులకు 11 అంగుళాల బంతి దొరికితే అది ఇవ్వండి. దూరం విషయంలో పెద్దవాళ్ల 43 అడుగులకు తొందరపడకండి, పదేళ్ల పిల్లకు 35, పన్నెండేళ్ల పిల్లకు 40 చాలు. ముందు పరుగు, గెంతులు, చెమట పట్టాకే బంతి. మణికట్టు ఒక్కదానితో వంద సార్లు ఎగరేయించే అలవాటు మానేయండి, దాంతో ముంజేయి అలసిపోవడం తప్ప ఒరిగేది లేదు. 14 ఏళ్లు వచ్చేదాకా నేనైతే రెండే నేర్పుతాను: వేగంగా ఒకటి, అదే చేతి ఊపుతో నెమ్మదిగా ఇంకొకటి. పైకి లేచినట్టు వచ్చే రైజ్ బాల్ కావాలని ఏడుస్తారు. ఏడవనివ్వండి.

ప్రశ్న: మా మనవరాలు ఎడమచేతి వాటం. బంతి కూడా ఎడమ చేత్తోనే విసురుతోంది. కుడి చేతికి మార్పించమని మా ఇంట్లో అంటున్నారు.
— ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అక్షింతలు కుడి చేత్తో వేయించండి, బంతి జోలికి వెళ్లకండి. ఎడమచేతి పిచర్ దొరికితే కోచ్‌లు ఎగిరి గంతేస్తారు, ఆ కోణం నుంచి వచ్చే బంతి కొట్టే పిల్లలకు అలవాటు ఉండదు. పైన మాస్టారికి చెప్పినవన్నీ అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోండి: ముందు పడేది కుడి కాలు, వేళ్లు మొదటి బేస్ వైపు.

ప్రశ్న: మేడమ్, నాకు 16 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. రెండు నెలలుగా బంతి విసిరాక మోచేయి లోపలి వైపు నొప్పి, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. పది రోజుల్లో సెలెక్షన్స్. అంతవరకు నొప్పి మాత్ర వేసుకుని ఆడుతున్నాను. పొద్దున్నే ప్రాక్టీసు కాబట్టి టిఫిన్ కుదరడం లేదు. మూడు నెలలుగా నెలసరి కూడా రాలేదు, ఆటల వల్ల అలా అవుతుందని స్నేహితురాలు చెప్పింది. అమ్మకు చెబితే ఆట మాన్పిస్తుంది. వేరే మంచి మాత్ర ఏదైనా చెబుతారా?
— పేరు వద్దు, విజయవాడ

జవాబు: చెప్పను తల్లీ. వేసుకుంటున్నది కూడా ఆపెయ్యి. ఖాళీ కడుపున ఆ మాత్రలు కడుపును పాడు చేస్తాయి. అంతకన్నా ముఖ్యం, అవి నొప్పిని దాస్తాయి, దెబ్బను దాచలేవు.

మోచేయి తలుపుకు తగిలితే జివ్వున షాక్ కొట్టినట్టు అవుతుంది చూడు, అక్కడ చర్మం కిందనే ఒక నరం ఉంది. చిటికెన వేలికి, ఉంగరం వేలికి కబురు తీసుకెళ్లేది అదే. ఆ రెండు వేళ్లే తిమ్మిరెక్కుతున్నాయంటే ఆ నరం ఒత్తిడిలో ఉందని నా అనుమానం. కండరం నొప్పిని నాలుగు రోజులు చూసీ చూడనట్టు ఉండవచ్చు, తిమ్మిరిని అలా ఊరుకోకూడదు. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

నెలసరి సంగతి నువ్వు చివర్లో ఒక వాక్యంలో రాశావు. నేను దాన్నే మొదట చదివాను. ‘ఆటల వల్ల అలా అవుతుంది’ అన్నది సగం నిజం. తినే తిండి ఆడే ఆటకు చాలకపోతే శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, తొందరగా ఆపేసే వాటిలో నెలసరి ఒకటి. దాంతో పాటు ఎముకలకు అందవలసినదీ తగ్గుతుంది. పిచర్లకు ముంజేతి ఎముకలో వెంట్రుకంత పగుళ్లు రావడం ఉన్నదే. అలాంటి ఎముకతో, ఖాళీ కడుపుతో, మాత్ర వేసుకుని విసరకు. ఇంకే కారణమైనా ఉందేమో కూడా డాక్టరే చూడాలి. హాస్టల్లో టిఫిన్ పెట్టేలోపే వెళ్లాల్సి వస్తే రాత్రే రెండు అరటిపళ్లు, గుప్పెడు వేరుశనగలు, ఒక బెల్లం ముక్క దగ్గర పెట్టుకో. ప్రాక్టీసు అయ్యాక గుడ్డు అడిగి తిను.

అమ్మ ఆట మాన్పిస్తుందని భయపడుతున్నావు. ఈ ఉత్తరం చూపించి, డాక్టర్ ఎన్నాళ్లు అంటే అన్నాళ్లు ఆపుతానని నువ్వే ముందు చెప్పు. మాన్పించే తల్లుల కంటే అసలు తెలియక కంగారుపడే తల్లులనే నేను ఎక్కువ చూశాను. బడి పోటీల్లో అండర్-19 విభాగం ఉంది, నీకు 16. వచ్చే ఏడూ సెలెక్షన్స్ జరుగుతాయి.

ప్రశ్న: కిందటి నెల మీ జవాబు చదివి పుస్తకం కొన్నాను. మా అమ్మాయికి 11 ఏళ్లు. పొద్దున బడిలో, సాయంత్రం వేరే శిక్షణ కేంద్రంలో పిచింగ్ నేర్చుకుంటోంది. వేసవి క్యాంపుకు కూడా డబ్బు కట్టాను. ఏడాది పొడవునా వదలకుండా చేస్తేనే కదా రాష్ట్ర జట్టు, స్పోర్ట్స్ కోటా. నెల లెక్క జెరాక్స్ పంపుతున్నాను. సరిగా రాశానో లేదో చూడండి.
— ఒక తండ్రి, భవానీపురం, విజయవాడ

జవాబు: బాబూ, కిరాణా కొట్టు పద్దులా చక్కగా రాశారు. ఎర్ర గీతలు కూడా కొట్టారు. అంత శుభ్రంగా రాసినందువల్లే నాకు కంగారు పుట్టింది. బడిలో రోజుకు 40, సాయంత్రం 60. వారానికి ఐదు రోజులు, నెలలో 22 రోజులు. మొత్తం 2,200. ఇందులో ఒక్క మ్యాచ్ కూడా లేదు.

బడి సార్‌కు సాయంత్రం 60 సంగతి తెలుసా? సాయంత్రం కోచ్‌కు పొద్దున్న 40 సంగతి తెలుసా? తెలియదని పందెం కాస్తాను. ఇద్దరూ ఎవరి మటుకు వారు తక్కువే విసిరిస్తున్నామని అనుకుంటారు. పుస్తకం మీ బీరువాలో ఉండకూడదు. పాప సంచిలో ఉండాలి, ఎక్కడ బంతి పడితే అక్కడి పెద్దమనిషి అంకె చూసి సంతకం పెట్టాలి. 11 ఏళ్లకు వారానికి మూడు రోజులు, రోజుకు 50కి మించకుండా, ఒక్క చోటే. ఇది నా లెక్క. ఇంకా తక్కువ చెప్పేవారు ఉంటే వారి మాట వినండి.

ఏడాది పొడవునా అన్నారు. ఏడాదిలో రెండు మూడు నెలలు పిచర్ అసలు విసరకూడదు. మనకు ఆ సెలవు దేవుడే ఇచ్చాడు, మే నెల. రోహిణి కార్తెలో కృష్ణలంక, భవానీపురం మేడల మీద కాకులు కూడా వాలవు, ఆ ఎండలో పదకొండేళ్ల పిల్లకు క్యాంపా? కట్టిన డబ్బు పోతే పోయింది. ఆ సెలవుల్లో ఈత నేర్పించండి, కబడ్డీ ఆడనివ్వండి, అమ్మమ్మ ఊరికి పంపండి. చిన్నప్పుడు రెండు మూడు ఆటలు ఆడిన పిల్లల ఒళ్లు ఒక్క ఆటకే అంటిపెట్టుకున్న పిల్లల ఒళ్లు కంటే దృఢంగా ఉండడం నేను 31 ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. కోటా సంగతి పదో తరగతి తర్వాత మాట్లాడుకుందాం, భుజం మిగిలితే.

ఇంకొక్కటి. ఆదివారాలు నాలుగిటికీ మీరు సున్నాలు చుట్టారు. మంచిదే. అయితే 17వ తేదీ ఆదివారం సున్నా పక్కన, మీ నీలం సిరాలో కాకుండా, పెన్సిల్‌తో చిన్న గుండ్రటి అక్షరాల్లో ‘నాన్నతో మేడ మీద 70’ అని ఉంది. జెరాక్స్‌లో సరిగా పడలేదు, భూతద్దం పెట్టి చదివాను. ఇకమీదట ఆ పుస్తకం పాపనే రాయనివ్వండి.